పొర

ఆకివీడు దాటి ఉప్పుటేరు వైపు మళ్లాక
ఎడమ పక్కన మా షెడ్డు.
రేకుల కప్పు, నూనె తాగిన సిమెంటు నేల,
దూలానికి మెలిపెట్టిన వైరు చివర
ఒక బల్బు.

ముందర మామూలు గాజువే ఉండేవి.
నెలకి నాలుగు, వానాకాలమైతే ఆరు.
రేకు సందులోంచి ఒక్క చుక్క జారి
కాగి ఉన్న బుడ్డి మీద పడితే చాలు,
టప్.
చీకట్లో ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయేవాళ్లం.
"అడుగు కదపకండి" అనేవాడు ఏసుపాదం మేస్త్రి,
చెప్పుల్లేని కాళ్లెన్నో లెక్కేసుకుంటూ.

ఆయన ఎడమ కంట్లో ఓ మూల తెల్లగా ఉంటుంది,
పులుసులో ఉడికిన చేప కన్నులా.
వరికోత మిషను కింద వెల్లకిలా పడుకుని
చేతిదీపం గుండె మీద పెట్టుకుని
నట్టు విప్పుతున్నాడట.
పైనుంచి బురద నీళ్లు, బొట్టు బొట్టుగా.
తర్వాతేమైందో చెప్పడు.
గుచ్చి గుచ్చి అడిగితే
"నట్టు మాత్రం ఊడిందమ్మా సువార్తా" అంటాడు.

గాజు ఎక్కడ దొరికేది కాదు కనక!
గ్రీజు డబ్బాలో, తువ్వాలు మడతలో,
ఇడ్లీ పొట్లం మీద,
ఒకసారి ఆరు నెలల తర్వాత
నేను చుట్టిన మోటారు కడుపులోనే,
రాగి తీగ పక్కన నక్కి.
అందుకే తెల్లారగానే
తడిపిన గోధుమపిండి ముద్దతో నేలంతా అద్దేదాన్ని.
కంటికి కనపడనివి ముద్దకి తెలుస్తాయి.
ఆ ముద్దని కాగితంలో చుట్టి, లోతుగా పాతిపెట్టేదాన్ని.

అలాంటి రోజుల్లో తెచ్చాడు షాపు మీరావలి,
పైన పల్చగా పొర తొడిగిన బల్బు.
"పడినా పగలదండీ."
"పగలనిదంటూ ఉంటుందిట్రా?" అని మేస్త్రి.
మూడు బల్బుల ఖరీదు.
వెలుగేమో వార్చిన గంజిలా మసక మసగ్గా.
నేనే ముందు సణిగాను,
తీగ కొస కనపడట్లేదని.

వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయి, వచ్చి,
మళ్లీ సగం సగంగా వచ్చి
చెరువుల మీద మోటార్లన్నీ కాలాయి.
రెండింటికి తాతరాజు గారి ట్రాక్టరు.
"రొయ్య పైకి తేలిపోతోంది మేస్త్రీ, గంటలో ఇవ్వాలి."
ఆయన లుంగీ అంచు నుంచి ఇంకా చెరువు నీళ్లు కారుతున్నాయి.
గేరుబాక్సు మూత తీసి పెట్టాం,
పళ్లన్నీ నూనెలో మెరుస్తున్నాయి.
వెనక కుర్రాడు భుజాన ఇనప రాడ్డుతో
ఎవరో పిలిచారని గిర్రున తిరిగాడు.

హోల్డరుతో సహా తెగి
సరిగ్గా ఆ తెరిచిన నోట్లోనే పడింది.

చీకటి.
అందరం ఆగిపోయాం, అలవాటు.
"మెయిను కట్టెయ్, అడుగు కదపకండి."
రొయ్యల ఊపిరి ఒక్కొక్కటే తెగుతున్నట్టు
తాతరాజు గారు నోటితో గాలి పీలుస్తున్నారు.
గాజు పడిన గేరుబాక్సంటే
పళ్లు పళ్లూ విప్పి, కిరసనాయిల్లో కడిగి,
తెల్లారిపోతుంది.

మేస్త్రి చిన్న ఫోను టార్చి వెలిగించాడు.
నూనెలో పడుకుని ఉంది బల్బు.
లోపలంతా చిట్లింది,
ఉడికిన గుడ్డుని నేలకి తట్టినట్టు.
పై పొర మాత్రం
ఒక్క ముక్కనీ జారనివ్వలేదు.
రెండు వేళ్లతో ఎత్తి, చెవి దగ్గర ఊపాడు.
గలగల.
ఇంకోసారి ఊపాడు.
"పగిలింది రా" అన్నాడు మెల్లగా,
ఎవరితోనో పందెం గెలిచినట్టూ,
ఓడినట్టూ.

మూడూ నలభైకి మోటారు తిరిగింది.
సగం చెరువు దక్కిందన్నారు,
మిగతా సగం సంగతి మాతో ఎవరూ అనలేదు.
డబ్బులు దసరాకి వచ్చాయి.

ఆ తెల్లవారి నేను ముద్ద అద్దాను, గోడ నుంచి గోడ దాకా.
దుమ్ము వచ్చింది. ఒక వెంట్రుక,
గోరంత రాగి తీగ.
"ఏమన్నా దొరికిందా?" మేస్త్రి అడిగాడు,
ఆ పగిలిన బల్బుని స్పానర్ల అరలో పెడుతూ.
"లేదండీ."
తీగ ఏరేసి, మొదటిసారి
ఆ ముద్దని కోడికి వేశాను.
నూనె వాసనకి తల పక్కకి తిప్పుకుంది.
కాసేపాగి
మళ్లీ వచ్చింది.